విరిగిన ముక్కను పారేయకండి

మీ 8 ఏళ్ల బాబు పడి ముందు పన్ను మూల విరగ్గొట్టుకున్నాడని, నొప్పి లేదు కాబట్టి ఆగవచ్చా అని అడిగారు. ఆగకండి. అది పాలపన్ను కాదు, శాశ్వత దంతం. దాని వేరు పూర్తిగా తయారవడానికి బాబుకు దాదాపు 10 ఏళ్లు రావాలి. అంతవరకు లోపలి గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) బతికి ఉండడమే అసలు విషయం.

మంచి వెలుతురులో చూడండి. విరిగినచోట తెల్లగానే ఉంటే ఎనామిల్ (పైనుండే గట్టి పొర) మాత్రమే పోయింది, ఒకటి రెండు రోజుల్లో చూపించినా చాలు. పసుపురంగు కనిపించి చల్లనీళ్లకు జివ్వుమంటుంటే ఎనామిల్ కిందుండే డెంటిన్ పొర బయటపడినట్టు. మధ్యలో ఎర్రటి చుక్క ఉంటే గుజ్జుకే దారి పడింది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఈ రోజే వెళ్లాలి.

ముక్క దొరికితే పాలలో వేసి తీసుకెళ్లండి, వీలైతే దాన్నే అతికిస్తారు. దొరక్కపోతే, పెదవి తెగి ఉంటే అందులో ఇరుక్కుందేమో చూడమని డాక్టరును అడగండి. ఇది చాలామందికి తట్టదు.

ఒక్క మాట. పన్ను బాగానే కనిపిస్తోందని మా అమ్మాయిని మళ్లీ పరీక్షకు తీసుకెళ్లలేదు నేను. కొన్ని నెలలకు అది బూడిదరంగుకు తిరిగింది. మీరు మాత్రం చెప్పిన తేదీలకు వెళ్లి ఎక్స్‌రే తీయించండి.