సంత పొట్టేలు కొనాలా, మందలోదే ఉంచాలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. 60 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. నాలుగైదేళ్ల కిందటి దాకా పిల్లలు బాగానే తూగేవి, ఇప్పుడు ఆరు నెలలకు 15 కిలోలు దాటడమే కష్టంగా ఉంది. సంతలో మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న పొట్టేలు 40 వేలు చెబుతున్నారు. అది తెస్తే పిల్లలు ఎదుగుతాయా? కవలలు ఎక్కువ పుట్టాలంటే ఏం చేయాలి?

జవాబు: పోయిన బక్రీదుకీ దసరాకీ మీ మందలోంచి ఏ పిల్లలు పోయాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వ్యాపారి దొడ్డిలోకి రాగానే చెయ్యి వేసేది అన్నిటికంటే ముందు ఎదిగిన పొట్టేలు పిల్ల మీదే, నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని మనమూ ఇచ్చేస్తాం. అమ్ముడుపోకుండా మిగిలిన నీరసం పిల్లే పెద్దదై గొర్రెల్ని దాటుతుంది (జతకడుతుంది). ఏడాది వెంట ఏడాది ఇలాగే జరిగితే మంద బరువు తగ్గక ఏమవుతుంది? మేత తగ్గడం, నట్టలు (కడుపులో పురుగులు) కూడా కారణం కావచ్చు కాబట్టి పెంటికలు పరీక్ష చేయించి ఆ సంగతి ముందు తేల్చుకోండి, కానీ పొట్టేలు ఎంపిక సరిచేసుకోకపోతే ఎంత మందు పట్టించినా సగం పనే అవుతుంది.

సంత పొట్టేలు గురించి నా మాట సూటిగా చెబుతాను, 40 వేలు దాని మీద పెట్టకండి. దాని ఒంటి మీద కనిపించే కండలో మొక్కజొన్న ఎంతో, వేరుశనగ చెక్క ఎంతో, పుట్టుకతో వచ్చిన గుణం ఎంతో చూపుతో చెప్పగలిగేవాళ్లు లేరు. అది ఎప్పుడు పుట్టింది, ఒంటరిగానా కవలగానా, తల్లి ఎలాంటిది అని అడిగితే అమ్మేవాడి దగ్గర జవాబుండదు. పైగా గర్భాలు పోగొట్టే బ్రూసెల్లా లాంటి రోగం వెంట వచ్చే టెన్షన్ ఒకటి.

మీకు కావలసింది ఒక వేలాడే కాటా, చెవి పోగులు, ఒక నోటుపుస్తకం. పిల్ల పుట్టిన 24 గంటల్లోపు పోగు వేసి, బరువు, తేదీ, తల్లి నంబరు, ఆడా మగా, ఒంటరా కవలా, తల్లికి ఎన్నో ఈత (కాన్పు), ఇవన్నీ రాయండి. మళ్లీ 3 నెలలకు, 6 నెలలకు పొద్దున మేతకు వదలకముందే తూచండి, కడుపు నిండాక తూస్తే లెక్క తప్పుతుంది.

ఇక ఎంపిక దగ్గరే చాలామంది పొరబడతారు. ఉదాహరణకు 12వ నంబరు పిల్ల ఒంటరిగా పుట్టి, మూడో ఈత తల్లి పాలు మొత్తం తానే తాగి 6 నెలలకు 21 కిలోలు తూగింది అనుకుందాం. 27వ నంబరు కవలల్లో ఒకటి, 19 కిలోలే. ఎవరైనా 12నే ఉంచుతారు. కానీ అదే నెలలో పుట్టిన ఒంటరి పొట్టేలు పిల్లల సగటు 18, కవలల సగటు 15 అయితే, 12 తన జట్టు కంటే 3 కిలోలు ఎక్కువ, 27 తన జట్టు కంటే 4 కిలోలు ఎక్కువ. విత్తనానికి ఉంచాల్సింది 27నే. తొలి ఈత తల్లుల పిల్లల్నీ, వేరే కాలంలో పుట్టినవాటినీ ఇలాగే వాటి జట్టులోనే పోల్చాలి. పరిశోధన కేంద్రాల్లో కంప్యూటర్లో తల్లి, తండ్రి, తోబుట్టువుల బరువులన్నీ కలిపి ఇంకా నిఖార్సుగా లెక్క కడతారు గానీ మూలసూత్రం ఇదే.

ఎంత లాభం అంటారా? ఆరు నెలల బరువులో పిల్లకూ పిల్లకూ ఉండే తేడాలో సుమారు పావు వంతే పుట్టుకతో వచ్చేదని లెక్క వేసుకోండి. అంటే 4 కిలోల ఆధిక్యంలో ఒక కిలో గుణానిది, తండ్రి నుంచి పిల్లకు అందేది అందులో సగం, అర కిలో. ఇంతేనా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ పొట్టేలుకు పుట్టిన ప్రతి పిల్లకూ సగటున ఆ అర కిలో వస్తుంది, దాని ఆడపిల్లలు మందలోనే ఉండి తమ వంతు ముందుకు పంపుతాయి, తర్వాతి పొట్టేలు దాని మీద ఇంకొంత కలుపుతుంది. దాణా ఆపితే దాని ఫలితం ఆగిపోతుంది, ఇది ఆగదు.

60 గొర్రెలకు రెండు పొట్టేళ్లు కావాలి, ఒక్కోదానికి 25 నుంచి 30 చొప్పున. రెంటినీ ఒకేసారి మందలో వదిలితే ఏ పిల్లకు ఎవరు తండ్రో తెలియదు. అందుకని దాటించే కాలంలో మందను రెండుగా చీల్చి 35 రోజులు విడిగా ఉంచండి, గొర్రె 17 రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి రెండు అవకాశాలు దొరుకుతాయి. ఎర్రమట్టి నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూస్తే అది ఏ గొర్రెను దాటిందో గొర్రె నడుం మీద మరకే చెబుతుంది. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయో లేదో తడిమి చూడండి, ఒకటే ఉన్నదాన్నీ, కింది దవడ ముందుకో వెనక్కో పోయినదాన్నీ ఎంత బరువున్నా తీసేయండి.

రెండేళ్లకు పొట్టేలును తప్పక మార్చాలి, లేకపోతే తన కూతుళ్లనే దాటుతుంది, దగ్గర రక్తం కలిస్తే పిల్లలు చిన్నవి పుడతాయి, ఎక్కువ చనిపోతాయి. మీలాగే తూకాలు రాసే ఇంకో ఇద్దరు ముగ్గురు రైతులు కలిస్తే పొట్టేళ్లను మార్చుకోవచ్చు, కొనే ఖర్చే ఉండదు.

కవలల గుణం బరువు కంటే చాలా తక్కువగా పిల్లలకు దిగుతుంది. ఒక్కసారి కవలలు ఈనిందని గొర్రెను నమ్మొద్దు, వరుసగా రెండు మూడు ఈతల్లో కవలల్ని ఈని, రెండు పిల్లల్నీ పాలు మాన్పించే దాకా బతికించినదాన్ని గుర్తుపెట్టుకోండి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ వాళ్లు సుందర్బన్ ప్రాంతపు గరోల్ గొర్రెలోని కవలల జన్యువును దక్కనీ జాతి గొర్రెల్లోకి తెచ్చి నారి సువర్ణ అనే రకం తయారుచేశారు, అక్కడ రక్తపరీక్షతోనే ఆ జన్యువు ఉందో లేదో తెలుస్తుంది. కానీ బీళ్ల మీద మేపే మీ మందకు నేను దాన్ని సిఫారసు చేయను. వేసవిలో ఒక పిల్లకే పాలు చాలని తల్లికి రెండు పుడితే రెండూ పోతాయి.

బయటి పొట్టేలు కావాల్సిందే అనుకుంటే, 1990లో మొదలైన గొర్రెల అభివృద్ధి నెట్‌వర్క్ ప్రాజెక్టులో నెల్లూరు జాతి యూనిట్ పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఉంది. తూకాల రికార్డు ఉన్న పొట్టేలు దొరుకుతుందేమో అక్కడ ముందుగా కనుక్కోండి. ఎక్కడి నుంచి తెచ్చినా బ్రూసెల్లా పరీక్ష చేయించి, నట్టల మందు పట్టించి, మూడు వారాలు విడిగా కట్టేశాకే మందలో వదలండి. ఈ ఏడు దసరాకు వ్యాపారి వచ్చేలోపు ఆరు నెలల తూకాలు పూర్తి చేసి, బాగా తూగిన నాలుగైదు పొట్టేలు పిల్లల్ని వేరే కొట్టంలో కట్టేయండి, మిగతావి మీ ఇష్టం.