హాస్టల్ నుంచి ఇంటికొచ్చాక బాబు ఎత్తు పెరుగుతున్నాడు.. ఇంజెక్షన్లు అవసరమా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు దాటాయి. ఆరేళ్లప్పుడు రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చినప్పుడు 112 సెం.మీ. ఎత్తున్నాడు. రెండేళ్లలో 117 సెం.మీ.కే చేరాడు. సరిగా తినేవాడు కాదని, రాత్రిళ్లు భయపడి లేచేవాడని వార్డెన్ చెప్పారు. వేసవిలో ఇంటికి తీసుకొచ్చేశాం. ఈ ఆరు నెలల్లో 121 సెం.మీ. అయ్యాడు. చోటు మారితే ఎత్తు పెరుగుతారా? గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వేయించమని బంధువులు అంటున్నారు. మళ్లీ హాస్టల్‌కు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ వయసు పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెం.మీ. పెరగాలి. మీ బాబు రెండేళ్లకు కలిపి 5 సెం.మీ. మాత్రమే పెరిగాడు కాబట్టి, వంశంలో అందరూ పొట్టివాళ్లేనని సరిపెట్టుకోవాల్సిన విషయం కాదిది. ఇప్పుడు అతని శరీరం ఆ లోటును వేగంగా భర్తీ చేసుకుంటున్నట్లుంది.

తిండి తగ్గడం ఒక కారణం కావచ్చు. దానికితోడు, ఎడతెగని భయంలో, దిగులులో ఉన్న కొందరు పిల్లల్లో పిట్యూటరీ గ్రంథి నుంచి గ్రోత్ హార్మోన్ తగినంత విడుదల కాదు. ఆ హార్మోన్ ఎక్కువగా గాఢనిద్రలో వెలువడుతుంది కనుక నిద్ర చెడటం కూడా మంచిది కాదు. ఇలా ఎదుగుదల ఆగిన 13 మంది పిల్లల గురించి అమెరికా వైద్యులు 1967లో ప్రచురించారు. వారిని ఆ వాతావరణం నుంచి తప్పించాక, హార్మోన్ చికిత్స లేకుండానే ఎదగసాగారు. అయితే ఆ పిల్లలకు కష్టం వచ్చింది సొంత ఇళ్లలోనే.

అంటే తేడా చోటులో కాదు, అక్కడి మనుషుల్లో ఉందన్నమాట. 1948లో జర్మనీలోని రెండు అనాథాశ్రమాల్లో పిల్లల బరువును బ్రిటన్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ గమనించారు. ఒక ఆశ్రమంలోని పిల్లలకు అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇవ్వడం మొదలైన సమయానికే, భోజనాల వేళ పిల్లలను అందరిముందూ తిట్టే పర్యవేక్షకురాలు అక్కడికి బదిలీ అయింది. అదనపు తిండి తిన్నా ఆ పిల్లలే రెండో ఆశ్రమం పిల్లల కంటే తక్కువ బరువు పెరిగారు.

అలాగని అంతా మనసులోనే ఉందని నేను ఇప్పుడే తేల్చను. పిల్లల వైద్యుడికి చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్, సీలియాక్ (గోధుమలు పడని జబ్బు) పరీక్షలు, ఎముకల వయసు తెలిపే ఎడమచేతి ఎక్స్‌రే ఒకసారి చేయించండి. ఎత్తు ఇంత బాగా పెరుగుతున్నప్పుడు హార్మోన్ ఇంజెక్షన్ల ఊసే వద్దు, ఎత్తు పెంచుతామని అమ్మే పొడులు అసలే వద్దు.

ఎత్తును మూడు నెలలకోసారి, ఉదయం పూటే కొలవండి, ఎందుకంటే సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు కాస్త అణిగి కొలత తగ్గుతుంది. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలపై గట్టి అట్ట పుస్తకాన్ని అడ్డంగా పెట్టి, దాని కింది అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి.

ఈ విద్యా సంవత్సరంలో మాత్రం హాస్టల్‌కు పంపవద్దు. అక్కడ పెద్ద పిల్లలు ఏడిపించారా, అన్నం దగ్గర ఎవరైనా గద్దించారా అన్నది నిలదీయకుండా, తను మాట్లాడే వేళ చూసి తెలుసుకోండి. హాస్టళ్లలో హాయిగా ఎదిగే పిల్లలూ ఎందరో ఉన్నారు కాబట్టి, తర్వాత పంపడమా మానడమా అన్నది ఆ జవాబును బట్టి ఉంటుంది. లోటు తీరాక వేగం మళ్లీ మామూలుకు వస్తుంది, కంగారుపడకండి. కానీ రాబోయే ఆరు నెలల్లో 2 సెం.మీ. కూడా పెరగకపోయినా, తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం కనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌ను (హార్మోన్ల వైద్య నిపుణుణ్ని) కలవండి.