బీపీ మిషన్ పాతబడితే మార్చేయాలా?

ప్రశ్న: మా అత్తగారి కోసం ఐదేళ్ల క్రితం జబ్బకి కట్టే డిజిటల్ బీపీ మిషన్ కొన్నాం. ఈ మధ్య గాలి ఎక్కించీ ఎక్కించీ 'ఎర్రర్' అని ఆగిపోతోంది. అంకె వచ్చినా ఒకసారి 160, కాసేపటికే 138. ఆవిడకి ఒకటే టెన్షన్. షాపతను కొత్తది కొనమంటున్నాడు. అసలివి ఎన్నేళ్లు పనిచేస్తాయి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అప్పుడే పారేయకండి. ముందు పట్టీ సంగతి చూడండి, ఎందుకంటే ఎక్కువగా పాడయ్యేది అదే. కొన్ని మాన్యువళ్లలో మిషన్‌కి 30,000 సార్లు, పట్టీకి 10,000 సార్లు అని రాసుంటుంది. రోజుకి నాలుగుసార్లు చూసినా పట్టీ ఆరేళ్లు దాటాలి. కానీ మనం వాడగానే గొట్టాన్ని మిషన్ చుట్టూ బిగించి చుట్టేసి డబ్బాలో కుక్కేస్తాం, దాంతో ప్లగ్గు దగ్గరో, పట్టీలోకి వెళ్లే చోటో సన్నగా చీలిక పడుతుంది. మామూలుగా చూస్తే కనపడదు. ఆ చోట గొట్టాన్ని మెల్లగా వంచండి, చీలిక ఉంటే తెరుచుకుంటుంది. గాలి ఎక్కుతున్నప్పుడు అక్కడ తడి వేలు పెడితే చల్లగా తగులుతుంది కూడా. గాలి నిండగానే వెల్క్రో చర్రున ఊడిపోతున్నా పట్టీ పని అయిపోయినట్టే. మిషన్ చేసేదల్లా నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలిలో వచ్చే చిన్న చిన్న అదురుల్ని పట్టుకుని బీపీ లెక్కకట్టడం, కాబట్టి గాలి కారుతుంటే ఎర్రరన్నా వస్తుంది, తప్పు అంకెన్నా వస్తుంది.

పట్టీ విడిగా దొరుకుతుంది. మీ మోడల్‌కి సరిపోయేదే, అత్తగారి జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి మరీ తీసుకోండి. చిన్న పట్టీ బిగించి కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

పట్టీ బాగానే ఉంటే సెల్స్ మార్చి చూడండి. అన్నీ ఒకేసారి కొత్తవి వేయాలి. ఊరెళ్లి నెలల తరబడి వాడకపోతే తీసేయండి, లేకపోతే కారి లోపలి రేకులు తుప్పు పడతాయి.

ఇక 160, 138 అంటారా, అది మిషన్ తప్పే కానక్కర్లేదు. వంటింట్లోంచి వచ్చి కూర్చోగానే చూస్తే మొదటి రీడింగ్ ఎక్కువే వస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోనివ్వండి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టించండి, నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోండి.

నన్ను నిజంగా భయపెట్టేది ఎర్రర్ చూపించే మిషన్ కాదు, ఏ గొడవా చేయకుండా ఏళ్ల తరబడి తప్పు అంకె చూపించేది, ఎందుకంటే దాన్ని నమ్మి మాత్ర మానేసేవాళ్లున్నారు. ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి మిషన్ కూడా పట్టుకెళ్లి, అదే చేతికి వాళ్ల దానితో, మీ దానితో ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడుసార్లు చూడమనండి. ఐదు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. ప్రతిసారీ పది, అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంటే, పట్టీ మార్చినా తగ్గకపోతే, అప్పుడు కొత్త మిషన్ కొనండి. ఈలోపు మాత్ర డోసు మాత్రం మార్చకండి.