ఫోన్‌లో టెర్మినల్ యాప్ ఏది మంచిది అని అడిగే ముందు, మీ కీ ఎక్కడుందో చూసుకోండి

మీరు అడిగినవి రెండు. ఫోన్ నుంచి ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లడానికి ఏ టెర్మినల్ యాప్ (కమాండులు టైపు చేసి సర్వర్‌ను నడిపే యాప్) మంచిది? డబ్బు కట్టి తీసుకున్న ప్రో సదుపాయాలు ఉన్నట్టుండి పోతే మళ్లీ కొనాలా? రెండోదానికి ముందు జవాబు చెబుతాను. కొనకండి. మొదటిసారి తీసుకున్న డబ్బుకు కట్టుబడనివాడు రెండోసారి మాత్రం ఎందుకు కట్టుబడతాడు?

కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే, అవును, కోపంగానే రాస్తున్నాను. ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కు సర్వర్లు చూసుకోవడం నా పని. రక్తపరీక్ష యంత్రాల నుంచి వచ్చే ఫలితాలన్నీ ఒక సర్వర్‌లో చేరతాయి, రిపోర్టులు అక్కడి నుంచే ప్రింటవుతాయి. ఆ సర్వర్ నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉండదు. దాని ముందు కాపలాగా మరో చిన్న సర్వర్ ఉంటుంది, ముందు అందులోకి వెళ్లి అక్కడి నుంచి లోపలికి వెళ్లాలి. దూరపు సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఇలా ఒకదాని మీదుగా మరొకదానిలోకి వెళ్లే సదుపాయం దాని ఉచిత ప్రోగ్రాము ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2016 నుంచి ఒక చిన్న ఆప్షన్‌గా, పైసా ఖర్చు లేకుండా ఉంది. కొన్ని ఫోన్ యాప్‌లలో మాత్రం అది ప్రో సరుకు. దానికోసమే, 'ఒక్కసారి కడితే చాలు, ఎప్పటికీ మీదే' అని రాసిన ఒక యాప్‌ను కొన్నాను. కొన్నేళ్లు బాగానే పనిచేసింది.

దసరా సెలవుల తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాను. రైలు ఖమ్మం దాటింది. ల్యాబ్ కౌంటర్ చూసుకునే ఆవిడ ఫోన్ చేశారు. "సార్, గంట నుంచి ఒక్క రిపోర్టు కూడా ప్రింటు కావడం లేదు. డయాలసిస్ పేషెంటు ఒకాయన పొటాషియం రిపోర్టు కోసం కూర్చుని ఉన్నారు, వాళ్లబ్బాయి నా మీద అరుస్తున్నాడు" అన్నారు. "అయిదు నిమిషాలు ఆగండమ్మా, చూస్తాను" అని ఫోన్ పెట్టేశాను. ఫోన్‌లో టెర్మినల్ పెట్టుకునేదే ఇలాంటి వేళ కోసం.

యాప్ తెరిస్తే, కాపలా సర్వర్ మీదుగా వెళ్లే కనెక్షన్లన్నీ బూడిదరంగులో ఉన్నాయి. ఒక్కోదాని పక్కన చిన్న తాళం బొమ్మ. పైన ఒక పట్టీ మీద 'మీ కొనుగోలును ధ్రువీకరించలేకపోయాం' అని ఉంది. కొనుగోలును పునరుద్ధరించే బటన్ నొక్కాను. చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ అదే పట్టీ. ప్లే స్టోర్‌లో నా కొనుగోళ్ల చరిత్ర తెరిస్తే రసీదు ఉంది, తేదీ ఉంది, మొత్తం ఉంది. డబ్బు తీసుకున్నట్టు స్టోర్ ఒప్పుకుంటోంది, యాప్ ఒప్పుకోవడం లేదు.

పోనీ, కీని (పాస్‌వర్డుకు బదులు లాగిన్‌కు వాడే రహస్య ఫైలును) బయటికి తీసి మరో యాప్‌లో పెట్టుకుందామంటే, కీని ఎక్స్‌పోర్ట్ చేయడం కూడా ప్రో కిందే ఉంది! ఆ కీ నాది. నా సర్వర్ కోసం, నా ఫోన్‌లో తయారైంది. దాన్ని నా చేతికివ్వడానికి వాళ్లు ధర పెట్టారు. ఇన్నాళ్లూ ఆ ధర కట్టినవాడిగా లోపల ఉన్నాను, ఆ సాయంత్రం కట్టనివాడిగా బయట నిలబెట్టారు. సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ లాగిన్ ఉండదు, ఉండకూడదు కూడా. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న 22వ నంబరు పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్ వాడే ద్వారం) మీద పాస్‌వర్డులు ఊహిస్తూ తట్టే యంత్రాలకు పగలూ రాత్రీ లేదు.

మిగిలిన దారి ఒక్కటే, సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ వెబ్‌సైటులో ఉండే కన్సోల్. అంటే సర్వర్ తెరనే ఒక బొమ్మలా బ్రౌజర్‌లో చూపిస్తారు, అందులో టైపు చేయాలి. ఫోన్‌లో ఆ తెర అరచేతిలో సగం ఉంటుంది, మిగతా సగం కీబోర్డు తినేస్తుంది. లాగిన్‌కు ఓటీపీ రావాలి, డోర్నకల్ స్టేషన్ వచ్చేదాకా అది రాలేదు. వచ్చాక కీబోర్డుతో యుద్ధం. కమాండు మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది. అడ్డగీత కావాలంటే రెండో పేజీకి, నిలువుగీత కావాలంటే మూడో పేజీకి వెళ్లాలి. కంట్రోల్ మీట అసలే లేదు. డిస్కు ఎంత నిండిందో చూశాను, నూటికి నూరు శాతం. సిస్టమ్ లాగ్‌లు, అంటే సర్వర్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలు, పేరుకుపోయాయి. పాత లాగ్‌లను తీసేసే కమాండును ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టి, ప్రింటింగ్ సర్వీసును మళ్లీ మొదలుపెట్టాను. మహబూబాబాద్ వచ్చేసరికి ఆవిడ ఫోన్ చేసి "వస్తున్నాయి సార్, వరసగా వస్తున్నాయి" అన్నారు. వెనక ప్రింటర్ చప్పుడు వినిపించింది.

అంతటితో వదిలేయలేదు. ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత టెర్మినల్ యాప్ ఉంది. అందులో కొత్త కీ జత తయారుచేశాను, ఒకటి ఫోన్‌లోనే దాచుకునే ప్రైవేట్ కీ, రెండోది సర్వర్‌కు ఇచ్చే పబ్లిక్ కీ. దానిలో పబ్లిక్ కీని సర్వర్‌లోకి చేర్చాలి, కన్సోల్‌లో పేస్టు పనిచేయదు, కాబట్టి చేత్తో కొట్టాలి. ఈడీ25519 రకం పబ్లిక్ కీలో ముఖ్యభాగం 68 అక్షరాలు. అందులో మొదటి 25 అందరికీ ఒకటే, మిగతా 43 మనవి. ఒకే ఫోన్‌లో టెర్మక్స్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తిరగడం కుదిరే పని కాదు, తెర మారినప్పుడల్లా కన్సోల్ తెగిపోతోంది. ఎదురు సీటులో ఇంటర్ చదివే కుర్రవాడు కూర్చున్నాడు. ఆ 68 అక్షరాలూ అతని పుస్తకం వెనక పేజీలో రాసి, "బాబూ, ఇది ఒక్కొక్కటే పైకి చదువుతావా?" అని అడిగాను. పబ్లిక్ కీ కదా, రైలంతా విన్నా నష్టం లేదు. "చిన్న ఎల్ అంకుల్, తర్వాతది పెద్ద ఐ" అని ఎంత శ్రద్ధగా చదివాడో! కేసముద్రం దాటాక టెర్మక్స్ నుంచి లాగిన్ అయ్యాను.

అసలు కొన్నది ఎలా పోతుందో కూడా చెప్పాలి. మీరు కొన్న సంగతి స్టోర్‌కు తెలుసు. కానీ కొన్ని యాప్‌లు స్టోర్ మాటతో ఊరుకోవు, తమ సొంత సర్వర్‌ను కూడా అడిగి, అది సరేనంటేనే తాళం తీస్తాయి. దొంగ కాపీలను ఆపడానికి ఇలా చేస్తారు. అమ్మినవాళ్లు ఆ సర్వర్ బిల్లు కట్టడం మానేసినా, యాప్‌ను మరొకరికి అమ్మేసినా, ఒకసారి కట్టే పద్ధతి మానేసి నెలనెలా చందాకు మారినా, డబ్బు కట్టినవాళ్లకే శిక్ష. పొలం అమ్మినవాడు ఊరు వదిలి వెళ్లిపోతే కొన్నవాడి రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోతుందా? ఇక్కడ పోతోంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం వచ్చింది. డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్మేవాళ్లు, ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అయితే ఆ ముక్క స్పష్టంగా చెప్పాలి. మన దగ్గరా అలాంటిది రావాలి. జీవితాంతం అనే మాట ఎవరి జీవితాంతమో అక్కడే రాయించాలి.

యాప్ చేసేవాళ్లకు డబ్బు ఇవ్వకూడదని నేను అనడం లేదు. వాళ్లకూ ఇల్లు గడవాలి. నెలకింత అని ముందే చెప్పి చందా తీసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. అమ్మిన వస్తువును వెనక్కి లాక్కుని మళ్లీ అదే అమ్మడమే అన్యాయం. ఇంకొకటి, టెర్మినల్ యాప్ తెరవగానే ఈమెయిలుతో ఖాతా తెరవమనడం. నా కీలు, నా సర్వర్ల చిరునామాలు మీ క్లౌడ్‌లో ఎందుకయ్యా? ఖాతా లేకుండా ముందుకు కదలని టెర్మినల్ యాప్‌ను ఆ క్షణమే తీసేయండి.

ఎస్‌ఎస్‌హెచ్ కథే ఇలాంటిది. ఫిన్లాండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగిలించారని తాతు యులోనెన్ 1995లో దీన్ని రాశారు. మొదట్లో ఉచితంగా ఇచ్చారు. తర్వాతి కూర్పుల్లో లైసెన్సు షరతులు బిగుసుకుంటూ వచ్చాయి. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు, షరతులు బిగియక ముందు వచ్చిన 1.2.12 కూర్పును ఆధారం చేసుకుని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మొదలుపెట్టారు. ఇవాళ లినక్సు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్లలో దాదాపు ఎక్కడ చూసినా నడుస్తున్నది అదే. పాత లైసెన్సు అనుమతించింది కాబట్టే ఎవరూ వెనక్కి లాక్కోలేకపోయారు. అందుకే యాప్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది లైసెన్సు. రంగులూ థీములూ తర్వాత.

ఇక పేర్లు. ఆండ్రాయిడ్ అయితే టెర్మక్స్, కళ్లు మూసుకుని. అది ఎస్‌ఎస్‌హెచ్ యాప్ కూడా కాదు, ఫోన్‌లో ఒక చిన్న లినక్సు. ఒక్క కమాండుతో అసలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, మోష్ (సిగ్నల్ తెగినా నిలిచే కనెక్షన్ ప్రోగ్రాము), టీమక్స్ (కనెక్షన్ పోయినా పనిని సర్వర్ మీద నడుపుతూ ఉంచేది) దిగుతాయి. కీ మామూలు ఫైలుగా మీ ఫోల్డర్‌లో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాపీ చేసుకోవచ్చు. ఆ కీకి పాస్‌ఫ్రేజ్, అంటే దాన్ని తెరిచే రహస్య మాట, తప్పక పెట్టండి. టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ (ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్) నుంచి తీసుకోండి. దించుకున్న ప్రోగ్రాములను యాప్ ఫోల్డర్ నుంచి నడపడాన్ని ఆండ్రాయిడ్ 10 నుంచి కట్టడి చేశారు, దాంతో 2020లో ప్లే స్టోర్ కూర్పుకు నవీకరణలు ఆగి చాలామంది ఇబ్బందిపడ్డారు. ఒకచోటి కూర్పు నుంచి మరోచోటి కూర్పుకు మారాలంటే పాతది తీసేయాలి, తీసేస్తే లోపలి ఫైళ్లన్నీ పోతాయి, కాబట్టి ముందు కాపీ చేసుకోండి. కమాండులు అలవాటు లేనివారికి కనెక్ట్‌బాట్ అనే ఎస్‌ఎస్‌హెచ్ యాప్ చాలు. ఉచితం, ఓపెన్ సోర్స్, పాత కాపు. ఐఫోన్ అయితే బ్లింక్. యాప్ స్టోర్‌లో చందా ఉంటుంది కానీ దాని సోర్సు (ప్రోగ్రాము మూలం) జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద బహిరంగంగా ఉంది.

పాత యాప్‌నే పట్టుకుని వేలాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ-1 అనే బలహీనపడిన పద్ధతితో చేసే పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలను (లాగిన్‌లో కీ మీదేనని రుజువు చేసేవి) సర్వర్లు మామూలుగా ఒప్పుకోవు. ఉబుంటు 22.04 (లినక్సులో ఒక రకం) సర్వర్‌కు మారగానే పాత యాప్ లాగిన్ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సర్వర్ సెట్టింగు సడలించి ఆ యాప్‌ను బతికించకండి. నవీకరణలు ఆగిపోయిన యాప్‌ను వదిలేయాల్సిందే.

రైల్లో, ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ తెగుతూ ఉంటే మోష్ వాడమంటారు. 2012లో ఎంఐటీలో పుట్టింది, చాలా మంచిది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా కనెక్షన్ తెగదు. కానీ సర్వర్ మీద కూడా అది ఉండాలి, 60000 నుంచి 61000 దాకా నంబర్లున్న యూడీపీ పోర్టుల్లో (ఎస్‌ఎస్‌హెచ్ వాడేవి కాక వేరే రకం ద్వారాల్లో) కొన్నయినా తెరవాలి, పైగా అది కాపలా సర్వర్ మీదుగా లోపలికి వెళ్లదు. అందుకే నేను లోపలి సర్వర్ మీద టీమక్స్ నడిపి, మామూలు ఎస్‌ఎస్‌హెచ్‌తోనే వెళతాను. కనెక్షన్ తెగినా పని సర్వర్ మీద నడుస్తూనే ఉంటుంది, మళ్లీ వెళ్లి అందుకుంటాను.

ఫోన్ కంపెనీల సంగతి వేరే రాయాలి. బ్యాటరీ ఆదా పేరుతో, వెనక నడిచే యాప్‌ను కొద్దిసేపట్లోనే చంపేస్తాయి. ఆండ్రాయిడ్ 12 అయితే యాప్‌లు పుట్టించే ఉపప్రక్రియలు మొత్తం 32 దాటితే కోసేయడం మొదలుపెట్టింది. వేలకు వేలు పోసి కొన్న ఫోన్‌లో ఏ ప్రోగ్రాము బతకాలో నిర్ణయించే హక్కు మనకుండాలి కదా! టెర్మక్స్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేసి, నోటిఫికేషన్‌లో కనిపించే వేక్‌లాక్ (ఫోన్‌ను నిద్రపోనివ్వని బటన్) నొక్కండి, చాలావరకు నిలుస్తుంది.

డబ్బు వెనక్కి రావడం గురించి ఆశ పెట్టుకోకండి. ప్లే స్టోర్ ద్వారా నేరుగా అడగడానికి కొన్నాక 48 గంటలే గడువు, తర్వాత అమ్మినవాళ్లనే అడగమంటారు. అయినా రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, అమ్మినవాళ్లకు మెయిలు రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. చిన్న మొత్తమని ఊరుకుంటారనే ధైర్యంతోనే వాళ్లు ఇలా చేస్తున్నారని నా గట్టి నమ్మకం.

మీ యాప్‌లో ఇంకా ఏదో ఒక కనెక్షన్ పనిచేస్తూ ఉంటే ఈ రాత్రే కూర్చోండి. టెర్మక్స్‌లో కొత్త కీ తయారుచేసి, పబ్లిక్ భాగాన్ని సర్వర్‌లోని అనుమతించిన కీల ఫైలులో పాతదాని కింద కొత్త వరసగా చేర్చండి. ఆ కిటికీ మూయకుండానే టెర్మక్స్ నుంచి లాగిన్ అయి చూడండి. అయ్యాకే పాత వరస తీసేయండి. మీ ఫోన్ ఏ కంపెనీదో కింద రాస్తే, దానిలో బ్యాటరీ నియంత్రణ ఎక్కడ దాచారో చెబుతాను.