24 హెచ్‌పీ అని రాస్తే నిజంగా 24 వస్తుందా?

చీనీ తోటలోకి 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ తీసుకోవాలనుకుంటున్నా, కంపెనీ రాసే హెచ్‌పీని నమ్మొచ్చా అని అడిగినావు కదా అన్నా. ఆ 24 ఇంజన్ లెక్క. మట్టిని గుల్లచేసే రోటావేటర్‌ను తిప్పేది మాత్రం వెనక పీటీఓ, అంటే పనిముట్లను తిప్పే షాఫ్ట్, దగ్గరికి వచ్చే పవర్. మధ్యలో గేర్లు, హైడ్రాలిక్ పంపు తినేది తింటాయి, నూటికి పది పదిహేను పోతుంది. 24లో 21 మిగిలితే మంచిదే.

మాది తాడిపత్రి వైపు. తోటలో సగం ఎర్రనేల, సగం నల్లరేగడి. బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు "24 హెచ్‌పీ కదా, ఆరామ్‌గా లాగుతుంది" అని నాలుగున్నర అడుగుల రోటావేటర్ అంటగట్టినారు. ఎర్రనేలలో బాగానే పోయింది. రేగడిలోకి దిగి రెండు సాళ్లు తిరిగేసరికి ఇంజన్ గొంతు పడిపోయింది, సైలెన్సర్ నుంచి నల్లపొగ, బ్లేళ్ల కింద పెళ్లలు పెళ్లలుగా మట్టి. క్లచ్ తొక్కి ఆపితే తప్ప లాభం లేదు. ఆ సీజనంతా ఫస్ట్ గేర్లోనే ఈడ్చినా, డీజిల్ ఎంత పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తర్వాత దాన్ని అమ్మేసి మూడున్నర అడుగులది తెచ్చుకున్నా. అదే బండి, అదే రేగడి, సెకండ్ గేర్లో పోతోంది.

ఇంకోటి, హెచ్‌పీ పక్కనే ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడు. 3000 దగ్గర 24 ఇచ్చే ఇంజన్ కంటే 2200 దగ్గర 24 ఇచ్చేదానికి ఆ స్పీడులో టార్క్, అంటే తిప్పే బలం, మూడో వంతుకు పైనే ఎక్కువ. రేగడిలో బండి ఆగిపోకుండా కాపాడేది అదే. డీజిల్ మిగుల్తుందని రేజ్ తగ్గించి నడిపితే, పాంప్లెట్‌లోని హెచ్‌పీ నీకు ఎట్లాగూ రాదు, పీటీఓ కూడా తిరగాల్సిన 540 ఆర్‌పీఎం కిందికి పడిపోతుంది.

షోరూమ్‌లో నోటిమాట వద్దు, టెస్ట్ రిపోర్ట్ అడుగు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్రప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి, పీటీఓ దగ్గర ఎంత పవర్ వచ్చిందో కిలోవాట్లలో రాస్తుంది. దాన్ని 0.746తో భాగిస్తే హెచ్‌పీ. ఎండవేడిలో చేసిన పరీక్ష అంకె కూడా ఉంటే అదే పట్టుకో, మన అనంతపురం ఏప్రిల్, మే నెలల్లో నీకు దక్కేది దానికి దగ్గరగా ఉంటుంది. అంకెలు అర్థం కాకపోతే మన గార్లదిన్నెలోనే అట్లాంటి యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, పోయి అడుగు.

నీది ఏ నేల, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎన్ని అడుగులు వదిలినావు? అది రాస్తే ఎంత వెడల్పు రోటావేటర్ సరిపోతుందో చెప్తా.