ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ చేసుకోవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు: చెక్కపని రాని మనిషి ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ (వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడే పెట్టె లాంటి మెషీన్) చేసుకోగలడా, చేసుకుంటే ముందు పెట్టె చేయించాలా, లోపలి సామాను కొనాలా అని. చేసుకోవచ్చు. నాకూ చెక్కపని రాదు. 2021లో హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒక కార్పెంటర్ సాయంతో ఇద్దరు ఆడే క్యాబినెట్ చేసుకున్నాను. కానీ ముందు పెట్టె వద్దు. సామాను కూడా మొత్తం ఒకేసారి కొనొద్దు. జాయ్‌స్టిక్, బటన్లు బిగించే కంట్రోల్ ప్యానెల్ ఒక్కటే ముందు చేయండి. దాన్ని ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కి కలిపి రెండు వారాలు ఆడండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చిన్నప్పుడు వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళ వేసి ఆడినవాళ్లకి గుర్తుండేది తెర కన్నా ఎక్కువగా ఆ కర్ర, ఆ బటన్ల టకటక. మనమంతా 'ముస్తఫా' అని పిలిచిన ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. దానికి రెండే బటన్లు చాలు, కొట్టడానికొకటి, ఎగరడానికొకటి. అదే కంపెనీ 1991లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కి ఆరు కావాలి, గుద్దులకి మూడు, తన్నులకి మూడు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కి అసలు బటన్లే అక్కర్లేదు కానీ జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులకే తిరగాలి. ఎనిమిది దిక్కుల కర్రతో ఆడితే చెయ్యి కాస్త మూలకి జారి, మలుపు తప్పిపోతుంది. శాన్వా జేఎల్ఎఫ్ రకం జాయ్‌స్టిక్ కొంటే అడుగున కర్ర కదలికకి హద్దు పెట్టే ప్లాస్టిక్ గేట్ పలకని తిప్పి నాలుగు దిక్కులకి మార్చుకోవచ్చు. కాబట్టి మీరు ఏ ఆటలు ఎక్కువ ఆడతారో ముందు కాగితం మీద రాసుకోండి. ఎటూ తేలకపోతే మనిషికి ఆరు బటన్లు, ఒక స్టార్ట్, ఒక కాయిన్ (బిళ్ళ వేయడానికి బదులు నొక్కేది) పెట్టుకోండి.

నేను మొదట ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మీద గీసి, బాటిల్ మూతలు అతికించి చూశాను. బటన్లు తిన్నగా రెండు వరసల్లో పెడితే చూడ్డానికి బాగుంది, అరగంట చేతులు ఆనించేసరికి మణికట్టు లాగింది. అప్పుడు అరచెయ్యి వదులుగా అట్ట మీద ఆనించి, వేళ్ల కొసలు ఎక్కడ పడితే అక్కడ చుక్కలు పెట్టాను. వేళ్ల పొడవుని బట్టి వరస వంపు తిరిగింది. ఖమ్మం నుంచి మా తమ్ముడు వచ్చినప్పుడు వాడి చేత కూడా చుక్కలు పెట్టించాను. చిన్నప్పుడు ఒకే మెషీన్ దగ్గర భుజాలు ఆనించుకుని ఆడినవాళ్లం, వాడి చేతికి కూడా కుదరాలని నాకు పట్టుదల. ఇద్దరూ ఇరుకు లేకుండా నిలబడాలంటే ప్యానెల్ వెడల్పు కనీసం 26 అంగుళాలు పెట్టండి.

ఇక రంధ్రాలు. నేను బాగా నష్టపోయింది ఇక్కడే. పెద్ద బటన్లు కొన్ని 30 ఎంఎం రంధ్రానికి, కొన్ని 28 ఎంఎం రంధ్రానికి వస్తాయి. స్టార్ట్, కాయిన్ లాంటి చిన్నవి 24. మన కార్పెంటర్ల దగ్గర తప్పకుండా ఉండేది కప్‌బోర్డ్ ఆటో హింజెస్ కోసం వాడే 35 ఎంఎం బిట్. నేను ఇంట్లో లేనప్పుడు ఆ బిట్టుతోనే పన్నెండు రంధ్రాలూ వేసేశారు. బటన్ అంచు కూడా 35 ఉండదు, అన్నీ లోపలికి జారిపోయాయి. పలక మొత్తం పారేయాల్సి వచ్చింది. బటన్లు చేతికొచ్చాక కొలిచి, ఆ సైజు హోల్ సా (గుండ్రంగా కోసే రంపం బిట్) మీరే కొని ఇవ్వండి. పనికిరాని చెక్కముక్క మీద ఒక రంధ్రం వేయించి, బటన్ పట్టాకే అసలు పలక ముట్టుకోనివ్వండి.

పలక మందం కూడా చూసుకోవాలి. రంధ్రంలోకి తోస్తే నట్ లేకుండా టక్కున కూర్చునే బటన్లు పల్చటి రేకుకి, అక్రిలిక్‌కి సరిపోతాయి. ప్లైవుడ్‌కి కింద నుంచి నట్ బిగించే రకం తీసుకోండి. జాయ్‌స్టిక్‌ని 19 ఎంఎం ప్లై కింద నేరుగా బిగిస్తే కర్ర పైకి పొట్టిగా వచ్చి పట్టు దొరకదు. అడుగు నుంచి రూటర్ అనే చెక్క చెక్కే మెషీన్‌తో చెక్కించి అక్కడ ఆరేడు ఎంఎం మందమే మిగిల్చాను. బోల్టులు పైనుంచి దింపి, తలలు కనబడకుండా మీద మైకా అతికించాం.

పెట్టెకి ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) చవక, నున్నగా కూడా ఉంటుంది. కానీ నేల రోజూ తడిగుడ్డతో తుడిచే ఇళ్లు మనవి. అడుగు అంచుకి నీళ్లు తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది, ఇక సర్దుకోదు. ప్లైవుడ్ వేయించి, కింద రబ్బరు బుష్‌లు గానీ చక్రాలు గానీ పెట్టించండి. అద్దె ఇంట్లో ఉంటే స్టాండు వేరు, పై భాగం వేరుగా చేయించి బోల్టులతో కలపండి. మెట్ల మీద దింపేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. నిలబడి ఆడేందుకు ప్యానెల్ నేల నుంచి 38 అంగుళాల ఎత్తులో పెట్టాను, పిల్లలకి స్టూలు వేస్తాం.

తెరకి పాత 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీ మానిటర్ వెతకండి. ఆ కాలపు ఆటలు వైడ్ తెరకి చేసినవి కావు, కొత్త మానిటర్‌లో అటూ ఇటూ నల్లగా మిగిలిపోతుంది. నాకు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది. స్పీకర్లు, వైర్లు, చిన్న యాంప్లిఫయర్ బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను.

లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, అందులో పాత ఆటలు నడిపే రెట్రోపై సాఫ్ట్‌వేర్. బటన్లకి మనిషికొక యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు (నొక్కిన బటన్ ఏదో కంప్యూటర్‌కి చెప్పేది), వైర్లు గుచ్చడమే, టంకం పని లేదు. మొదటి నెల నన్ను ఏడిపించింది పవర్. ఫోన్ ఛార్జర్‌తో నడిపితే తెర మూల మెరుపు గుర్తు వచ్చి, ఆట మధ్యలో రీస్టార్ట్ అయ్యేది. దానికి 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ వేయాల్సిందే. ఒక కరెంటు కోతలో మెమరీ కార్డు పాడై, వారం రోజుల సెట్టింగ్స్ అన్నీ పోయాయి. అంతా కుదిరిన రోజే కార్డుని మొత్తంగా కాపీ తీసి పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైను మీదకి మార్పించండి. వెనక తలుపుకి గాలి రంధ్రాలు, ప్లగ్గుకి ఎర్త్ తప్పనిసరి, పిల్లలు ముట్టుకునే వస్తువది.

ఇక ఆటల ఫైళ్ల సంగతి. ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) వాడటం తప్పు కాదు. ఆటల మీద మాత్రం కంపెనీలకి హక్కులున్నాయి, కాబట్టి ఎక్కడపడితే అక్కడ దించుకోమని చెప్పలేను. ప్యానెల్ పరీక్షించుకోవడానికి మేమ్ అనే ఎమ్యులేటర్ వాళ్ల సైట్‌లోనే హక్కుదారుల అనుమతితో ఉచితంగా పెట్టిన గ్రిడ్‌లీ, రాబీ రోటో లాంటివి ఉన్నాయి. క్యాప్‌కామ్ పాత ఆటలు కొన్ని సంకలనాలుగా కంప్యూటర్‌కి అమ్ముతోంది, అవే కావాలనుకుంటే రాస్ప్‌బెర్రీ పై బదులు పాత కంప్యూటర్ పెట్టుకోవచ్చు.

నాకు పారేసిన పలకతో కలిపి 28 వేల దాకా అయింది, అందులో చెక్క, కూలీయే సగం. ప్యానెల్ ఒక్కటే అయితే అప్పట్లో ఐదారు వేలల్లో తేలిపోయేది. మీరు అట్ట మీద చుక్కలు పెట్టాక స్కేలు పక్కన ఉంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రంధ్రాలు వేయించే ముందు బటన్ల మధ్య దూరం చూసి చెబుతాను.