సిరంజి అంచు చూసుకో

గుంటూరు, కొత్తపేట

అమ్మా,

విజయవాడలో చిన్న ఆసుపత్రిలో డాక్టరుగా చేరావనీ, మెదడు ఆపరేషన్లకు సరైన సామాను లేదనీ రాశావు. టెన్షన్ పడకు. కొన్ని మనమే చేసుకోవచ్చు.

మెదడు లోతుల్లో గడ్డకట్టిన రక్తం తీయడానికి అమ్మే గొట్టాలు చాలా ఖరీదు. నేను సిరంజి వాడేవాణ్ణి. స్టెరైల్ ప్యాకెట్‌లోంచి తీసిన 5 మి.లీ. సిరంజిని, సూది తగిలించే ముక్కు దగ్గర కోసేస్తే చాలు. వెనక రెక్కలుంటాయి కాబట్టి లోపలికి జారిపోదు. సిరంజి గోడలోంచి అంతా కనిపిస్తుంది: తెల్లగా ఉంటే మెదడు, నల్లగా ఉంటే గడ్డ ఇంకా మిగిలుంది. మెదడును పక్కకు జరిపి పట్టే రేకు రిట్రాక్టర్‌లా ఒకే చోట నొక్కదు కూడా. కానీ ఖాళీ గొట్టాన్ని నేరుగా దించకు. జున్నులో గ్లాసు బోర్లించి నొక్కినట్టు ముక్క తెగిపోతుంది. ముందు ఫోలీ కాథెటర్ (మూత్రానికి వేసే గొట్టం) చివరి బెలూన్‌ని మెల్లగా ఉబ్బించి దారి చేసుకో.

మిర్చి యార్డు హమాలీ ఒకాయనకు చేసినప్పుడు, కోసిన అంచును వేలితో తడిమి నున్నగానే ఉందనుకున్నాను. రెండు గ్లవ్స్ వేసుకున్న వేలికి ఏం తెలుస్తుంది? గొట్టం తీస్తుంటే దారి పొడవునా రక్తం ఊరింది. ఆపేసరికి గంట పట్టింది. ఆయన నడిచే ఇంటికెళ్లాడు, తప్పు మాత్రం నాదే. అప్పట్నుంచి తడి దూదిని అంచు చుట్టూ తిప్పి చూసేవాణ్ణి. ఒక్క పోగు చిక్కుకున్నా ఆ సిరంజి పారేయాల్సిందే.

తల చర్మాన్ని వెనక్కి లాగి పట్టడానికి వంచిన లావు సూది, గ్లవ్ అంచు కత్తిరించిన రబ్బరు చుట్టు సరిపోతాయి.

లోపల ఉండిపోయే వస్తువు మాత్రం సొంతంగా చేయకు. షంట్, అంటే మెదడులో పేరుకున్న నీటిని బయటికి మళ్లించే గొట్టం, కావాలంటే మన దేశంలో తయారయ్యే ఛాబ్రా షంట్ తెప్పించు. ఉగాండాలో 195 మంది పిల్లల్లో దాన్ని ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 2005లో ప్రచురించారు. చవకైనా పరీక్షకు నిలబడిన వస్తువది.

ఇంకోటి. సిరంజి వాడబోతున్నామని రోగి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి సంతకం తీసుకో. పేదవాళ్లకు ఏం తెలుస్తుందిలే అనుకోవద్దు.

ఆదివారం ఇటు రా. మేక తలకాయ తెప్పించి ఉంచుతాను, దాని మెదడు మీదే గొట్టం దించడం నేర్చుకుందువు. సిరంజిలు ఓ పది తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ సార్